పట్టు ఎవరిది

"ఎవరొస్తున్నారమ్మా?"

టవారిస్ అలా అడగడం మూడోసారి. ఎర్నెస్టీన్ వెనక్కి తిరగలేదు. పొయ్యి దగ్గర నిలబడి పాకం కలుపుతూనే ఉంది.

బల్ల మీద ఏడు కేకు పొరలు వరసగా ఆరుతున్నాయి. కారమెల్ కేకు. ఆ ఇంట్లో ఆ కేకు ఈస్టర్‌కి చేస్తారు, లేదంటే దగ్గరవాళ్ళెవరైనా పోతే చేస్తారు. ఇవాళ నవంబరు ఆఖరి ఆదివారం. ఎవరూ పోలేదు. గాజు తలుపుల బీరువాలోంచి పెళ్ళినాటి పళ్ళేలు కూడా బయటికొచ్చాయి. నాలుగు.

"ఫ్రిజ్‌లో గురువారం పండగ నాటి టర్కీ కోడి ఉంది. తిను," అంది.

"నేను తిండి అడగలేదు."

"రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చావు. తిన్నాక మాట్లాడు."

అతను కూర్చోలేదు. నిన్నటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆట తర్వాత ఏం తిన్నా నోట్లో గడ్డి నమిలినట్టే ఉంది. గెలుపు గీత నాలుగు గజాల దూరంలో ఉంది. డెబ్బై నాలుగు సెకన్లు మిగిలున్నాయి. అతను బంతిని పక్కన ఆడే బ్రాక్స్టన్ పొట్ట దగ్గర పెట్టాడు. అతను వదల్లేదు, బ్రాక్స్టన్ పట్టలేదు. మరుక్షణం ఇద్దరూ ఒకేసారి పట్టారు, ఇద్దరి మధ్య నుంచీ బంతి జారిపోయింది. దాని మీద అవతలి జట్టువాళ్ళు నలుగురు పడ్డారు. స్టేడియం తిట్టి ఉంటే భరించేవాడు. అది అరవలేదు. డెబ్బై వేల మంది ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఆట అయ్యాక కాలేజీ జట్టు కోచ్ ట్రస్కాట్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "సోమవారం తొమ్మిదికి నా గదికి రా. నీ కాళ్ళని ఇంకోచోట వాడుకోవడం గురించి మాట్లాడదాం."

ఇంకోచోట అంటే ఎక్కడో టవారిస్‌కి చెప్పక్కర్లేదు. వేగంగా పరిగెత్తే నల్లకుర్రాడు ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా ఒక తప్పు చేస్తే అతన్ని పంపే చోటు ఒకటుంది. మైదానం అంచుకి పోయి, ఇంకొకడు విసిరే బంతుల కోసం పరిగెత్తడం. అతనికి తొమ్మిదో ఏట నుంచీ తెలిసిన పని అది కాదు. బంతి ముందుగా తన చేతికి రావాలి. ఏం చెయ్యాలో తను నిర్ణయించాలి. అది లేకపోతే తను ఎవరో అతనికి తెలీదు.

అందుకే ఇంటికొచ్చాడు. ఆ ఊరి స్కూలు జట్టుకి ఇరవై రెండేళ్ళుగా కోచ్ తన తండ్రి. ట్రస్కాట్ వినేది ఈ జిల్లాలో ఆయన మాటే. ఒక్క ఫోన్ చేస్తే చాలు.

పెరటి తలుపు తెరుచుకుంది. క్లియోఫస్ రెంబర్ట్ ఆకులు ఊడ్చే కర్రని గోడకి ఆనించి లోపలికొచ్చాడు. కొడుకుని చూసి ఒక్క క్షణం ఆగాడు.

"ఇవాళ వస్తావని చెప్పలేదే."

"ఇంటికి రావడానికి చెప్పి రావాలా?"

ఆ మాట చివర 'సర్' లేదు. ఆ ఇంట్లో తండ్రితో అన్న మాటకి అది లేకపోతే మాట పూర్తయినట్టు కాదు. క్లియోఫస్ ఆ లోటు విన్నాడు. సింకు దగ్గరికి వెళ్ళి చేతులు చాలాసేపు కడుక్కున్నాడు.

"ఆరింటికి ట్రస్కాట్ వస్తున్నాడు," అన్నాడు గోడతో చెప్తున్నట్టు.

టవారిస్ గుండెలో ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. సోమవారం దాకా ఆగకుండా ఆయనే వస్తున్నాడు. తండ్రి ముందే ఫోన్ చేసి ఉండాలి, తను అడగకుండానే. నిన్న రాత్రంతా తను మంచం మీద దొర్లుతుంటే ఇక్కడ తనకోసం ఒకరు మాట్లాడుతూ ఉన్నారు. నవ్వొచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడా.

"మీరు ఆయనతో మాట్లాడారా నాన్నా? నేను అడగకముందే?"

క్లియోఫస్ తువ్వాలు కోసం వెతుకుతున్నాడు. అది ఆయన భుజం మీదే ఉంది.

ఎర్నెస్టీన్ పొయ్యి కట్టేసింది. "చెప్పు క్లియో. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆయన తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"నీకోసం కాదు నాన్నా," అంది ఆవిడ కొడుకుతో. "ఆ పెద్దమనిషి వచ్చేది నీకోసం కాదు."

నడవలో అడుగుల చప్పుడు. మికయా తెల్లచొక్కా వేసుకుని, చేతిలో టై పట్టుకుని వచ్చాడు. స్కూల్లో ఆఖరి ఏడు. అన్న కంటే రెండేళ్ళు చిన్న, రెండంగుళాలు పొడుగు.

"అమ్మా, ఈ ముడి నాకు..."

అన్నని చూసి ఆగిపోయాడు. టై వెనక్కి దాచుకున్నాడు.

"వీడికోసమా?" అన్నాడు టవారిస్.

ఎవరూ కాదనలేదు. మొదట గుచ్చుకుంది. తర్వాత అతనే దాన్ని సర్దుకున్నాడు. తమ్ముడు రెండు సీజన్లు తన పక్కన, బంతి అందుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌గా ఆడాడు. ఆ రెండు సీజన్లలో ఆ స్కూలు ఒక్క ఆట ఓడిపోయింది.

"దానికి ఇంత రహస్యమెందుకు? ఒరే మిక్, మంచిదే కదరా. బ్రాక్స్టన్ గాడివి చేతులు కావు, చెక్కలు. నువ్వొస్తే మనిద్దరం మళ్ళీ..."

మికయా తండ్రి వైపు చూశాడు. అది వాళ్ళిద్దరూ చాలాసార్లు మార్చుకున్న చూపులా ఉంది. అది టవారిస్‌కి నచ్చలేదు.

"రన్నింగ్ బ్యాక్‌గా కాదు," అన్నాడు క్లియోఫస్.

గోడగడియారం కింద ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఎర్నెస్టీన్ ఒక కేకు పొర తీసి, దాని మీద పాకం పోయబోయి, మళ్ళీ పెట్టేసింది.

"క్వార్టర్‌బ్యాక్‌గానా? వీడా?" టవారిస్ నవ్వాడు. తనకే చెడ్డగా వినిపించింది ఆ నవ్వు. "నేను వెళ్ళిపోయాక ఇంకెవరూ దొరక్క వీణ్ణి నిలబెట్టారనుకున్నాను. ఒరేయ్, బైబిల్లో వంశావళి చదవమంటే మూడో పేరుకే నిద్రపోతావు. నువ్వు అవతలి జట్టు ఎండ్ ఏం చేస్తాడో చదువుతావా?"

"టే, వదిలెయ్," అన్నాడు మికయా.

"ఏం వదిలెయ్యాలి? రెండేళ్ళు నీ పొట్టలో బంతి పెట్టింది నేను. పరిగెత్తరా అంటే పరిగెత్తావు. ఆగరా అంటే ఉత్తచేతుల్తో పరిగెత్తినట్టు నటించావు. దానికి కళ్ళెందుకు? గాడిదైనా చేస్తుంది."

"నా వంటింట్లో కాదు," అంది ఎర్నెస్టీన్. "అరుచుకోవాలంటే మైదానానికి పోండి. అక్కడైతే టికెట్ కొని వింటారు."

"నేను అరవడం లేదమ్మా. వీణ్ణి అడుగుతున్నాను. చెప్పరా. ఎండ్‌ని ఎప్పుడు చదివావు నువ్వు?"

"అన్నిసార్లూ," అన్నాడు మికయా.

చిన్నగానే అన్నాడు. అని, పెదవి కొరుక్కున్నాడు. క్లియోఫస్ "మికయా" అని ఒక్క మాట అన్నాడు, కుక్కని ఆపినట్టు.

"అన్నిసార్లూ అంటే?"

"ఏం లేదు."

"అన్నిసార్లూ అంటే ఏంట్రా?"

మికయా టైని వేళ్ళకి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. "నేను పట్టు బిగిస్తే నువ్వు వదిలేసేవాడివి. వదులుగా ఉంచితే నువ్వు లాక్కునేవాడివి. అంతే."

ఆ ఆటలో ఉన్నదంతా ఒక సెకను. అవతలి వరసలో చివరివాడు ఎండ్. వాణ్ణి కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, చెయ్యి తియ్యకుండా, ఆ చివరివాడి కేసి చూస్తాడు. వాడు లోపలికి దూకితే బంతి వెనక్కి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటునుంచి తనే పరిగెత్తాలి. వాడు అక్కడే నిలబడితే బంతి వదిలెయ్యాలి. అప్పటిదాకా రన్నింగ్ బ్యాక్ చేతులు మెత్తగా ఉంచాలి, బిగించకూడదు. ఎందుకంటే నిర్ణయం వాడిది కాదు. ఆ ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లాడికి మొదట చెప్పేది అదే. చెప్పేవాడు క్లియోఫస్ రెంబర్ట్.

"అబద్ధం," అన్నాడు టవారిస్.

"సరే."

"సరే ఏంటి? అబద్ధమని ఒప్పుకో."

"నువ్వు అబద్ధమంటే అబద్ధమే. ఈ టై ఎవరైనా కడతారా?"

టవారిస్ తమ్ముడి మోచెయ్యి పట్టుకుని పెరటి తలుపులోంచి బయటికి లాక్కుపోయాడు.

కార్ల షెడ్డులో, పాత టైర్ల మధ్య ఒక బంతి ఎప్పుడూ ఉంటుంది. టవారిస్ దాన్ని తీశాడు. సగం గాలి పోయి ఉంది.

"నిలబడు."

"చొక్కా నలుగుతుంది. అమ్మ చంపేస్తుంది."

"నిలబడరా."

మికయా అతని పక్కన నిలబడ్డాడు. మోచేతులు ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండేళ్ళ తర్వాత కూడా ఆ దూరం సరిగ్గా ఒక చేతి పొడవే ఉంది.

"కళ్ళు మూసుకో," అన్నాడు మికయా.

"ఎందుకు?"

"చదివేది నువ్వైతే, కళ్ళు మూసుకుంటే ఏమీ చెయ్యలేవు కదా."

టవారిస్ కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు ముందు నుంచి దాటాడు. బంతి ఆ పొట్టకి తగిలింది. చొక్కా చల్లగా ఉంది, లోపల ఒళ్ళు వెచ్చగా ఉంది. రెండు మోచేతులు బంతిని నొక్కాయి. అది బలంగా కూడా లేదు. టవారిస్ వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. బంతి పోయింది.

"మళ్ళీ," అన్నాడు కళ్ళు తెరవకుండా.

ఈసారి మోచేతులు నొక్కలేదు. అతని చెయ్యి వెనక్కొచ్చింది, బంతితో సహా. మోకాలు అప్పటికే పరుగు అందుకోబోయింది.

మళ్ళీ. మళ్ళీ. ఆరోసారికి అతను ఎదురు తిరగాలనుకున్నాడు. తమ్ముడు నొక్కినా వదలకూడదని ముందే పళ్ళు బిగించుకుని అనుకున్నాడు. నొక్కాడు. వేళ్ళు విచ్చుకున్నాయి.

టవారిస్ కళ్ళు తెరిచి తన కుడిచేతిని చూసుకున్నాడు. దాన్నే పత్రికవాళ్ళు ఫొటో తీశారు. నువ్వెలా నిర్ణయిస్తావు అని అడిగినప్పుడు అతను నిజాయితీగానే చెప్పాడు: "తెలీదు సర్, చేతికి తెలిసిపోతుంది." వాళ్ళు దాన్ని పెద్దక్షరాల్లో వేశారు. తల్లి దాన్ని ఫ్రేము కట్టించింది. చేతికి నిజంగానే తెలిసేది. ఎవరు చెప్తున్నారో తెలియలేదంతే. మనిషి తన లోపలినుంచి వచ్చిన ప్రతి కదలికనీ తనదే అనుకుంటాడు. అలా అనుకోకపోతే నడవలేడు. ఇప్పుడు ఏ పరుగు తనది, ఏది కాదు? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు.

"నువ్వెలా చూసేవాడివి?" చేతిని జేబులో పెట్టుకుని అడిగాడు.

"బంతి రాకముందే. ఎండ్ వంగుంటాడు కదా, నేల మీద చెయ్యి పెట్టి. దూకేవాడైతే వేళ్ళు గడ్డిలోకి దిగుతాయి. నిలబడేవాడైతే ఊరికే తాకుతూ ఉంటాయి." మికయా భుజాలెగరేశాడు. "కనిపిస్తుంది. అందరికీ కనిపిస్తుందనుకున్నాను మొదట."

టవారిస్‌కి ఏ ఎండ్ వేళ్ళూ గుర్తులేవు. ఒక్కడివీ.

"ఎవరు చెప్పారు నిన్ను బిగించమని?"

మికయా అన్న భుజం మీదుగా చూశాడు. షెడ్డు గుమ్మంలో క్లియోఫస్ నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో. ఆయన వెనక ఎర్నెస్టీన్, పాకం అంటిన గరిటె చేతిలోనే ఉంది.

"మీరా?" అన్నాడు టవారిస్.

"నీ మూడో ఆటలో," అన్నాడు తండ్రి. "రెండు ఆటలు చూశాను. నువ్వు ఎండ్ కేసి చూడటంలేదు, వాడి కేసి తల తిప్పుతున్నావంతే. వీడికి పదిహేనేళ్ళు. బెంచీ మీద కూర్చుని ప్రతిసారీ ముందే గొణిగేవాడు, వస్తాడు, ఆగుతాడు అని. ఒక్కటీ తప్పలేదు."

"అలాంటప్పుడు వీణ్ణే నిలబెట్టాల్సింది."

"వీడి కాళ్ళు నీ కాళ్ళు కావు. కాలేజీల నుంచి చూడ్డానికొచ్చేవాళ్ళకి కాళ్ళు కనిపిస్తాయి. కళ్ళు కనిపించవు." క్లియోఫస్ ఒక అడుగు ముందుకేశాడు. "ఎనభై మూడులో నేను కాలేజీ దగ్గర బస్సు దిగిన మూడో రోజున నన్ను క్వార్టర్‌బ్యాక్ చోటు నుంచి తీసి వెనక వరసలో పడేశారు. బంతి మళ్ళీ నా చేతికి రాలేదు. మన ఇంటిపేరు ఒక్కసారైనా ఆ చోటికి చేరాలనుకున్నాను. నిన్ను చేర్చాను."

"చేర్చారు. అక్కడ వీడు లేడు కదా."

క్లియోఫస్ ఒక టైరుని కాలితో పక్కకి జరిపాడు.

"నాకు చెప్పుంటే నేర్చుకునేవాణ్ణి నాన్నా. పదిహేడేళ్ళకి నేర్చుకోలేనిదా అది? మీరే కదా కోచ్."

"చెప్తే నీ పరుగు పోతుంది. అనుమానం పట్టినవాడు పరిగెత్తలేడు. నీ నమ్మకం పాడుచెయ్యదల్చుకోలేదు."

"అది నా నమ్మకం కాదు కదా."

ఎర్నెస్టీన్ గరిటెని టైర్ల మీద పెట్టేసింది. జాగ్రత్తగా, పళ్ళెంలో పెట్టినట్టు.

"నాకు కూడా చెప్పలేదు నువ్వు," అంది భర్తతో. "పదిహేనేళ్ళ పిల్లాడి నోరు కుట్టేశావు. ప్రతి శుక్రవారం నేను మైదానం మెట్ల మీద కూర్చుని పెద్దాడి పేరు పెట్టి అరిచేదాన్ని. చిన్నాడు వింటూ ఉండేవాడు. ఒక్కసారైనా నా చెయ్యి పట్టి ఆపాలనిపించలేదా క్లియో?"

"ఇంటి కోసం చేశాను."

"ఇల్లంటే ఎవరు? నేను అందులో ఉన్నానా?"

మికయా నలిగిన చొక్కా సర్దుకుంటున్నాడు. అతని మొహంలో విజయం ఎక్కడైనా ఉందేమోనని టవారిస్ వెతికాడు. ఉంటే కొట్టడానికి వీలుగా ఉండేది. అలసట మాత్రమే ఉంది, చాలాకాలం బరువు మోసి దించినవాడిది. దించిన బరువు ఇప్పుడు ఎవరి మీద పడిందో చూడటానికి భయపడుతున్నట్టుంది.

"నీకు కోపం రాలేదారా?" అడిగాడు టవారిస్.

"ఎప్పుడు?"

"పత్రికల్లో నా ఫొటో వచ్చినప్పుడు."

మికయా ఆలోచించాడు. "నా పొట్టలో బంతి పెట్టినట్టు ఉండేది. లాక్కుంటారో వదిలేస్తారో తెలీదు. చేతులు మెత్తగా ఉంచుకుని కూర్చున్నాను."

ఐదుంబావు అయింది. క్లియోఫస్ గడియారం చూసుకున్నాడు.

"టవారిస్, నువ్వు మీ లొరెట్టా అత్త ఇంటికి వెళ్ళిరా. ఎనిమిదింటికల్లా అంతా అయిపోతుంది. నిన్నిక్కడ చూస్తే ఆయనకి ఇబ్బంది. మాటలు సాగవు."

"ఎవరి మాటలు?"

"తమ్ముడి బతుకు ఇది. నీదంతా అయిపోలేదు, నీకు కాళ్ళున్నాయి. వాడికి ఇదొక్కటే."

అది నిజమని టవారిస్‌కి తెలుసు. కారు తాళంచెవుల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. వెనక సందులోంచి వెళ్ళిపోతే ఎవరికీ ఎదురుపడక్కర్లేదు. సగం దాకా నడిచాడు కూడా.

లోపల బీరువా తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే తల్లి బల్ల మీద అయిదో పళ్ళెం పెడుతోంది. దాన్ని పెట్టి, కుర్చీ లాగి, కిటికీ కేసి చూసింది. పిలవలేదు.

అతను వెనక్కి నడిచాడు.

ట్రస్కాట్ ఆరుకి రెండు నిమిషాలు ఉందనగా వచ్చాడు. గుమ్మంలో టోపీ తీశాడు. మొదట టవారిస్‌ని చూసి, తర్వాత క్లియోఫస్‌ని చూశాడు.

"నువ్వుంటావనుకోలేదు."

"నేనూ అనుకోలేదు సర్."

ప్రార్థనకి అందరూ చేతులు పట్టుకున్నారు. టవారిస్ ఎడంచేతిలో తల్లి చెయ్యి, కుడిచేతిలో తమ్ముడి చెయ్యి. తమ్ముడి అరచెయ్యి తడిగా ఉంది. క్లియోఫస్ పొడుగ్గా ప్రార్థించాడు. ఆమెన్ అన్నాక మికయా అన్న చేతిని అందరికంటే చివర వదిలాడు.

కోచ్ బాగా తిన్నాడు. ఆకుకూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. నిన్నటి ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. వాతావరణం, పాస్టరుగారి మోకాలి ఆపరేషను, ఈ ఏడు పెకాన్ గింజల చెట్ల కాపు తగ్గడం. కేకు వచ్చాక వెనక్కి వాలాడు.

"మిసెస్ రెంబర్ట్, ఆ ఈస్టర్‌కి తిన్న దగ్గర్నుంచీ ఈ కేకు గురించి మా ఆవిడకి చెప్తున్నాను. ఆవిడకి మీరంటే పడటంలేదు."

"ఆవిడని రమ్మనండి, నేర్పిస్తాను," అంది ఎర్నెస్టీన్. నవ్వలేదు.

ట్రస్కాట్ టవారిస్ వైపు తిరిగాడు. "నువ్విక్కడ ఉండటం ఒకందుకు మంచిదయింది. నీ చోటు మార్చే విషయం నువ్వు పెద్దమనసుతో తీసుకున్నావని మీ నాన్న అక్టోబరులోనే చెప్పారు. జట్టుకోసం ఎక్కడైనా ఆడతానన్నావట. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలో అలాంటివాళ్ళు అరుదు."

అక్టోబరు. టవారిస్ ఆ నెలని మనసులో ఒకసారి తిరిగి నడిచాడు. ప్రతి ఆదివారం తండ్రి ఫోన్ చేసేవాడు. భుజం ఎలా ఉందిరా అని అడిగేవాడు. ఎడమవైపు ఇంకొంచెం వంగు అనేవాడు. ప్రతి ఆదివారం.

అతను తండ్రి కేసి చూడలేదు. చూస్తే ఆయన మొహంలో సిగ్గు కనిపిస్తుందేమో. అది చూశాక కోపం మిగలదేమో. కోపాన్ని కాసేపు ఉంచుకోవాలనిపించింది.

"అందుకే నిన్నే అడుగుతున్నాను," కోచ్ మోచేతులు బల్ల మీద ఆనించాడు. "వీడి టేపులన్నీ చూశాను. విసురు బాగుంది. ఎండ్‌ని చదవడంలో ఒక్క తప్పు లేదు, రెండు సీజన్లలో. కానీ కోచ్‌ల కొడుకుల విషయంలో నాకెప్పుడూ ఒక అనుమానం. పక్కన నాన్న నిలబడి సైగ చేస్తుంటే ఎవడైనా చదివినట్టే కనిపిస్తాడు. క్లియో, ఏమీ అనుకోకు."

"అనుకోను," అన్నాడు క్లియోఫస్.

"ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు వరసలో ఉన్నారు. ఉన్నది ఒక్క చోటు. రేపు పొద్దున్న నేను ఎవరికో ఒకరికి మాటివ్వాలి. టవారిస్, రెండేళ్ళు నువ్వు వీడికి చెయ్యంత దూరంలో నిలబడ్డావు. వీడికి కళ్ళున్నాయా? ఉన్నాయంటే నేను నమ్ముతాను. లేవంటే అదీ నమ్ముతాను."

మికయా పళ్ళెంలోకి చూస్తున్నాడు. కేకు ముట్టుకోలేదు.

టవారిస్ నోరు తెరిచేలోపు తండ్రి అందుకున్నాడు. గొంతు మామూలుగా ఉంది, కొంచెం వేడుకగా కూడా ఉంది.

"అన్నని చూసే నేర్చుకున్నాడు కోచ్. టవారిస్ చదివేవాడు, వీడు పక్కన నిలబడి గమనించేవాడు. వీడికున్నదంతా అన్న పెట్టిందే. అంతేనా మికయా?"

మికయా పళ్ళెం నుంచి తల ఎత్తలేదు. "అవును సర్," అన్నాడు.

ఎంత నున్నగా చేశాడు. అన్న పరువు నిలబడింది, తమ్ముడికి చోటు దొరికింది, అడిగినాయనకి జవాబొచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ నష్టం లేదు. టవారిస్ చెయ్యాల్సిందల్లా ఊరుకోవడం. అది కూడా ఆయనే చేసిపెట్టాడు. ఇది దయ అని టవారిస్‌కి తెలుస్తూనే ఉంది. తండ్రికి తెలిసిన దయ ఇదొక్కటే, ఎదుటివాడి చేతిలోంచి నిర్ణయం వాడికి తెలియకుండా తీసేసుకోవడం.

తల్లి అతని కేసి చూస్తోంది. ఏం చెప్పమని గానీ, ఏం చెప్పొద్దని గానీ ఆ చూపులో లేదు.

"కాదు కోచ్," అన్నాడు టవారిస్.

క్లియోఫస్ కుర్చీ నేల మీద కొద్దిగా జరిగింది. మికయా తల ఎత్తాడు. అన్న మొహంలోకి సూటిగా, రెప్ప వెయ్యకుండా చూశాడు. టవారిస్ జీవితంలో మొదటిసారి, తమ్ముడు తనని చదవలేకపోతున్నాడు.

ట్రస్కాట్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏది కాదు?" అని అడిగాడు.